దేవకాంచనం మీద గోటిగీతలు

మా అత్తయ్య మోకాళ్ళ కోసం కింది ఇంటి ఆంటీ చెట్టు పీకించాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ సంగతి. మిగతాదంతా ఆ చెట్టును బతికించడానికి నేను పడ్డ తిప్పలు, నాకు సాయం చేస్తున్నామనుకుంటూ దాని ప్రాణాల మీదికి తెచ్చిన మా బ్లాకు జనం నిర్వాకం.

మేముండేది మయూర్ విహార్‌లో. ఎప్పుడో సర్కారు కట్టించిన ఫ్లాట్లు. నాలుగంతస్తులు, ఒక్కో మెట్లదారికి ఎనిమిది ఇళ్ళు, లిఫ్టు లేదు. మాది అన్నిటికన్నా పైది. మావారూ నేనూ ఇద్దరం సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగులమే, పొద్దున్నే మెట్రో ఎక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు. మోకాళ్ళు అరిగిపోయాక అత్తయ్య మెట్లు దిగడం మానేశారు. ఏడాదిపాటు డాక్టరు దగ్గరికి తప్ప గడప దాటలేదు, అదీ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోస్తేనే. ఆవిడకు లోకమంతా బాల్కనీ. తాడు కట్టిన బుట్ట కిందికి వదిలి కూరగాయలు కొనేవారు. వంకాయల్లో పుచ్చులొస్తే పైనుంచే తెలుగులో చెడామడా తిట్టేవారు. కింద బండివాడు తలెత్తి, "ఠీక్ హై అమ్మాజీ, ఠీక్ హై" అని నవ్వేవాడు. చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉండేది. నాకు మాత్రం, పెద్దావిడ నేల మీద కాలు పెట్టి ఏడాదైందంటే తల కొట్టేసినట్టుండేది.

ఈమధ్య ఇలాంటి పాత ఫ్లాట్లకు బయటి గోడనానించి లిఫ్టు పెట్టించుకుంటున్నారు. మెట్లదారిలో అందరూ సంతకం పెడితే చాలు. పైవాళ్ళు కాగితం చూపించగానే పెట్టేశారు. కింది ఇళ్ళ రెంటిలో ఒకటి అద్దెకిచ్చారు, దాని ఓనరు ఫోన్లోనే సరేనన్నాడు. మిగిలింది ఆంటీ.

ఆంటీ పంజాబీ మనిషి. కొడుకూ కోడలూ నోయిడాలో ఉద్యోగాలకు వెళ్ళిపోతే పగలంతా కిటికీ పక్కన మంచం మీద కూర్చుంటారు. వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలరు, అంతే. ఆ కిటికీ ఎదురుగా, సరిగ్గా లిఫ్టు గొయ్యి రావలసిన చోట, ఆవిడ చెట్టు ఉండేది. దేవకాంచనం. ఇక్కడ కచనార్ అంటారు. ఆవు గిట్టలా రెండుగా చీలిన ఆకు. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి, ఫిబ్రవరి దాటగానే ఒళ్ళంతా వంగపండు రంగు పూలు పూస్తుంది. ఫ్లాటు తాళంచెవి చేతికొచ్చిన వారంలోనే ఆవిడ స్వయంగా నాటుకున్న మొక్క అది. ఏటా మొగ్గలు కోయించి కూర వండి మాకో గిన్నె పైకి పంపేవారు. "పూమొగ్గలు వండుకు తింటారా ఎక్కడన్నా!" అని అత్తయ్య మొదట్లో ముక్కు మీద వేలేసుకున్నారు. రెండో ఏడు నుంచి, "ఈసారి ఇంకా రాలేదేంటి కూర?" అని అడగడం మొదలుపెట్టారు.

నేను మూడు నెలలు ఆంటీ చుట్టూ తిరిగాను. పులిహోర పట్టుకెళ్ళాను. గోంగూర పచ్చడి సీసాకెత్తి ఇచ్చాను, ఆవిడ దాన్ని పరాఠాలో పెట్టుకుని లొట్టలేసుకుంటూ తిన్నారు. సంతకం మాట ఎత్తితే మాత్రం, "మీ అత్తగారు కిందికి దిగాల్సిందే బేటా. దానికి నా చెట్టు ఎందుకు పోవాలి?" అనేవారు. చివరికి ఒక మాలీని పట్టుకున్నాను. చలికాలంలో ఆకు లేనప్పుడు వేళ్ళతో సహా పెళ్ళగించి ఇంకోచోట నాటవచ్చని అతను చెప్పాడు. ఎదురుగా ప్రహరీగోడ పక్కన చోటు చూశాను. ఆంటీ కిటికీలోంచి మెడ కాస్త తిప్పితే కనబడుతుంది.

"బతుకుతుందా?" అన్నారు ఆంటీ.

"బతుకుతుంది. నాదీ పూచీ."

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఏ ఫైలు మీదా పూచీ అన్న మాట రాసిన పాపాన పోలేదు నేను. "పరిశీలించవచ్చును" దాటి వెళ్ళలేదు. ఆ రోజు మాత్రం ఎందుకో నోరు జారాను. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేశారు. "కాగితం చూసి కాదు బేటా, నీ మాట మీద పెడుతున్నాను" అన్నారు. సంతకం చేశాక ఆవిడ చేతిలో ఇంకేమీ లేదు. చెట్టు చచ్చినా లిఫ్టు ఆగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

జనవరిలో పని జరిగింది. మాలీ చుట్టూ కందకం తవ్వి, వేళ్ళు పట్టుకున్న మట్టిగడ్డ విడిపోకుండా గోనెపట్టాతో మూటకట్టి, కొమ్మలు సగానికి కొట్టేసి, ఆరుగురితో మోయించి కొత్త గోతిలో దించాడు. మూడువైపులా వెదురుబొంగులు ఆన్చి కట్టాడు. వెళ్ళేముందు నన్ను నిలబెట్టి పాఠం చెప్పాడు. వారానికోసారి నిండుగా నీళ్ళు, మధ్యలో చుక్క వద్దు. ఎరువు అసలే వద్దు. "జ్వరం పడి లేచినవాడికి పెళ్ళిభోజనం పెడతామా దీదీ?" అన్నాడు. అనుమానమొస్తే పదిహేను రోజులకోసారి ఏదైనా సన్న కొమ్మ మీద గోటితో కాస్త గీకి చూడమన్నాడు. పైతొక్క కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగు తిరిగితే పోయినట్టు. ఇందులో గోటితో గీకడమొక్కటే నా బుర్రకెక్కింది. పదిహేను రోజులు, సన్న కొమ్మ అన్న రెండు ముక్కలూ చెవిదాకా వచ్చి వెనక్కి పోయాయి.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్తుంటే కిటికీలోంచి కేక. "హరా హై?" పచ్చగా ఉందా అని. ఆకే లేని చెట్టుకు పచ్చదనం ఎక్కడ చూపించను? బ్యాగు భుజాన వేసుకుని గోడదాకా వెళ్ళి, ఆంటీకి కనబడాలి కదా అని మాను మీదే, గుండె ఎత్తున, గోటితో గీకాను. లోపల పచ్చగా తడిగా మెరిసింది. "హరా హై ఆంటీ!" అని అరిచాను. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టారు. నాకు భలే సంతోషమేసింది. ఆ సంతోషమే కొంప ముంచింది.

అక్కణ్ణుంచి పొద్దునా సాయంత్రమూ అదే తంతు. నేను గేటు దగ్గర కనబడితే చాలు, "హరా హై?" మెట్రోకు ఆలస్యమైనా, వానొచ్చినా, చేతిలో సంచులున్నా. "అరే ఆంటీ, హరా హై, హరా హై! ఎన్నిసార్లు అడుగుతారు? పొద్దున్నేగా చెప్పాను!" అని విసుక్కుంటూనే వెళ్ళి గీకి చూపించేదాన్ని. ఆవిడ నా విసుగును చెవిన పెట్టేవారు కాదు.

ఈలోపు నీళ్ళ గొడవ మొదలైంది. మొదటి అంతస్తు అంకుల్ రోజూ సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేవారు. ఇంతకాలం తులసికుండీలో పోసుకునే మనిషి, చెట్టు తూర్పుగోడ పక్కకు రాగానే చెంబు పట్టుకుని అక్కడికి దిగడం మొదలుపెట్టారు. నేను అట్టముక్క మీద హిందీలో "దయచేసి నీళ్ళు పోయవద్దు" అని రాసి వేలాడదీశాను. మర్నాడు చూస్తే ఆయన అట్ట కిందే నిలబడి పోస్తున్నారు.

"అంకుల్, బోర్డు చూడలేదా?"

"చూశాను బేటీ. ఇవి నీళ్ళు కావు, అర్ఘ్యం."

రెండో అంతస్తు ఆవిడ సోమవారం పాలు పోసింది. ఇంకెవరో టీపొడి పిప్పి కుమ్మరించారు. ఒకరోజు పెందలాడే ఇంటికొచ్చి చూద్దును కదా, మా బాల్కనీలోంచి తాడు కట్టిన బకెట్టు దిగుతోంది. కింద గేటు కాపలా అతను దాన్ని అందుకుని చెట్టు మొదట్లో గుమ్మరిస్తున్నాడు. బియ్యం కడిగిన నీళ్ళు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? మూడంతస్తులూ దడదడా ఎక్కేశాను.

"అత్తయ్యా! ఊరందరితో పోట్లాడి వస్తున్నాను నేను. మీరు రోజూ పోస్తున్నారా?"

"ఉత్త నీళ్ళా ఏంటి, బలమే! మా వాకిట్లో సన్నజాజి వీటితోనే గదా పందిరెక్కింది" అన్నారు ఆవిడ, తొణక్కుండా.

అరిచి గీపెట్టి నీళ్ళు ఆపించాను. అంకుల్ చెంబు తులసి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక గండం గడిచిందనుకున్నాను. చెట్టుకు నేను చేస్తున్నదేమిటో నాకు మాత్రం కనబడలేదు.

మార్చి మొదటి వారంలో ఒక ఆదివారం తీరిగ్గా దాని దగ్గరికి వెళ్ళాను. గుండె ఎత్తున మాను చుట్టూ తొక్క లేదు. నిజంగానే లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు గీతలే గీతలు. కొన్ని గోటివి, కొన్ని స్కూటరు తాళంచెవులవి, ఒకటైతే ఎవరో కత్తితో చెక్కినట్టే ఉంది. నేను రోజూ గీకి అరవడం చూసి మొత్తం బ్లాకు నేర్చుకుంది. మార్నింగ్ వాక్ గుంపు ఆగి గీకడం, "హా భాయ్, హరా హై" అనుకుని తృప్తిగా వెళ్ళిపోవడం. బడిపిల్లలు గీకడం. పాలవాడు గీకడం. అందరికీ ఆ చెట్టు మీద ప్రేమే మరి!

కనబడినవాళ్ళనల్లా నిలదీశాను. నేను కాదంటే నేను కాదన్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఇంటికొచ్చి చిందులు తొక్కుతుంటే మావారు పేపరు దించకుండా, "నేర్పింది నువ్వేగా" అన్నారు. రాత్రిదాకా ఆయనతో మాట్లాడలేదు. నిజం చెప్పినవాళ్ళతో నాకు వెంటనే మాట్లాడబుద్ధి కాదు.

ఆ పక్కవారం, రోడ్డుకు అవతల ఉన్న కచనార్లన్నీ విరగబూశాయి. మెట్రో మెట్ల మీంచి చూస్తే వీధి వీధంతా వంగపండు రంగే. మా చెట్టు మాత్రం కట్టెలా నిలబడి ఉంది. పొద్దున్నే వెళ్ళి, మాను మీద చోటు లేక, పైన కొమ్మ మీద గోరు పెట్టాను. గోధుమరంగు. పక్క కొమ్మా అంతే. కాస్త విరిచి చూద్దునా, పుటుక్కున విరిగింది. లోపల పొడి.

"హరా హై?" కిటికీలోంచి.

నేను వెనక్కి తిరిగాను. ఆవిడ ఊచలు పట్టుకుని చూస్తున్నారు. "హరా హై ఆంటీ" అన్నాను. "బాగుంది. మీరేమీ బెంగ పెట్టుకోకండి." అని నవ్వాను కూడా. మెట్రోలో నిలబడ్డానన్న మాటేగానీ దిగవలసిన స్టేషను దాటిపోయింది.

మాలీని పిలిపించాను. వచ్చి చూసి, గోడకు చేరగిలబడ్డాడు. "మెడ చుట్టూ తోలు ఒలిచేశారు కదా దీదీ" అన్నాడు. "ఆకులు వండే తిండి కిందికి దిగేది ఈ తొక్కలోంచే. చుట్టూ తెగాక ఇంక దారేది?" కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పేడా బంకమట్టీ కలిపి గాయానికి మెత్తి, మాను చుట్టూ గోనెపట్టా గట్టిగా చుట్టేశాడు.

"ఇప్పుడేం చేయమంటావు భయ్యా?"

"ఏమీ చేయకండి. వానలదాకా ముట్టుకోకండి. అది మీవల్ల అవుతుందంటే చెప్పండి."

"బతుకుతుందా?"

"పైది పోయినట్టే. కింద నుంచి వస్తే రావచ్చు. చెప్పలేను."

ఇక గీకి చూపించడానికి తొక్కే లేదు. అయినా ఆంటీ రోజూ అడిగేవారు, నేను రోజూ చెప్పేదాన్ని. దోసెలు వేస్తే రెండు పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చుని, "వేళ్ళు సర్దుకుంటున్నాయట ఆంటీ, మాలీ చెప్పాడు" అనేదాన్ని. అతనేం చెప్పలేదు. "గోనెపట్టా ఎందుకంటే ఎండ తగలకుండా. అంతే." ఆవిడ తల ఊపి, దోసె బాగుందనేవారు. అటుపక్క లిఫ్టు గొయ్యి నిండి, ఇనుపచట్రం ఒక్కో అంతస్తే పైకి లేస్తోంది. దాని చప్పుడు వింటుంటే నాకు తిన్నది ఒంటబట్టేది కాదు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే మరి.

ఒక సాయంత్రం అత్తయ్య అన్నారు: "ఆవిడకు నిజం చెప్పరాదూ అమ్మాయ్? పైనుంచి చూస్తున్నాగా, నీ నడకే చెప్తోంది."

ఎప్పటినుంచో లోపల ఉన్నదంతా ఒక్కసారి పొంగింది. "మీ మోకాళ్ళ కోసమే కదా ఇదంతా! నాకేం సరదానా?"

అత్తయ్య చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఆగారు. "నేనడిగానా?" అన్నారు.

అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా సర్దాను. బయటికి వచ్చేసరికి ఆవిడ చిక్కుడుకాయలు పూర్తిచేసి లోపలికి వెళ్ళిపోయారు.

మే అంతా వేడిగాలి. జూన్ మొదట్లో ఒక దుమ్ముగాలి లేచి, వెనకే గట్టి వాన పడింది. ఆ వారాంతంలోనే లిఫ్టు తిరగడం మొదలైంది. అత్తయ్య ఇస్త్రీ నేతచీర కట్టుకున్నారు, నుదుట బొట్టు దిద్దుకున్నారు. లిఫ్టులో నా చెయ్యి ఒక్క క్షణం వదలలేదు. కింద తలుపు తెరుచుకున్నాక చెప్పుల కాలు నేల మీద ఆన్చి, అలా నిలబడిపోయారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ మాత్రం ఎటూ చూడకుండా, "పద, ఆవిడ దగ్గరికి" అన్నారు. "ముందు నిజం చెప్పు. తర్వాతే నేను అక్కడ కూర్చునేది."

కాదనడానికి దారి లేదు. ఆంటీ తలుపు తీసే ఉంచారు. అత్తయ్యను చూడగానే, "ఆయియే, ఆయియే!" అంటూ మంచం మీద జరిగి చోటిచ్చారు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. పదేళ్ళుగా గిన్నెలు మారుతూనే ఉన్నాయిగానీ, అత్తయ్య మెట్లు దిగడం మానేశాక ఇంత దగ్గరగా ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. అత్తయ్య కూర్చోలేదు, నాకేసి చూశారు.

"ఆంటీ," అన్నాను. "మార్చి నుంచి మీకు అబద్ధం చెప్తున్నాను. మీ చెట్టు..."

"తెలుసు" అన్నారు ఆవిడ.

"ఎవరు చెప్పారు? మాలీనా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు నాతో ఎప్పుడూ విసుక్కుంటూ కదా మాట్లాడతావు బేటా. ఎన్నిసార్లడుగుతారు ఆంటీ, ఎన్నిసార్లడుగుతారు అని. ఒకరోజు నవ్వుతూ, మెత్తగా, బెంగ పెట్టుకోకండి అన్నావు. ఆ రోజే నా చెట్టు పోయిందనుకున్నాను."

సిగ్గుతో చచ్చిపోయాను. మూడు నెలలు. ఈవిడ ఈ కిటికీ దగ్గర కూర్చుని, అన్నీ తెలిసి, నేను తెచ్చిన దోసెలు తిన్నారు.

"మరి తెలిసి కూడా రోజూ ఎందుకు అడిగారు?"

"నువ్వు మళ్ళీ ఎప్పుడు విసుక్కుంటావా అని."

అత్తయ్యకు హిందీ ఎంతవరకు అర్థమైందో తెలియదు. చిన్నగా మంచం అంచున కూర్చున్నారు. ఆంటీ కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి గోడవైపు చూపించారు. "ఎప్పుడూ పైకే చూస్తావు. కిందికి చూడు. వాన వెలిశాక రెండు రోజులకు కనబడింది."

బయటికి పరిగెత్తాను. గోనెపట్టా అయిపోయే చోట, నేలకు జానెడెత్తున, మేమెవ్వరం వంగి గీకని చోట, బొటనవేలంత చిగురు మాను చీల్చుకుని వచ్చింది. రెండు ఆకులు, ఎర్రగా, నున్నగా, ఒక్కొక్కటీ గిట్టలా చీలి. నేను బురదలోనే చతికిలబడ్డాను. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

వెనక కిటికీలోంచి కేక వినబడింది. "హరా హై?"

"మీ కళ్ళెదుటే కనబడుతుంటే మళ్ళీ నన్నడుగుతారేంటి ఆంటీ!" అని గట్టిగా విసుక్కున్నాను.